పాల ప్యాకెట్లు చూసి కూడా నేనెందుకు ఆగలేదు?

మన ఛానల్‌లో లోకసంగ్రహం మీద వచ్చిన వీడియోకి సబ్‌టైటిల్స్ పని నేనే చేశాను. ఆ పనిలో ఉన్న వారంలోనే మా అపార్ట్‌మెంట్‌లో ఒక సంఘటన జరిగింది. వీడియోలో చెప్పేంత చిన్న విషయం కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

మాది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు 120 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మా ఫ్లోర్‌లోనే, లిఫ్ట్ పక్క ఫ్లాట్‌లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒక్కరే ఉంటారు. పిల్లలిద్దరూ విదేశాల్లో. ఒక మంగళవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే ఆయన తలుపుకి తగిలించిన సంచిలో పాల ప్యాకెట్ అలాగే ఉంది. బుధవారం పొద్దునకి రెండయ్యాయి. చూశాను. "ఊరెళ్ళారేమోలే" అనుకున్నాను. తొమ్మిదిన్నరకి కాల్ ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, అందులో ఒక ప్రవచనం. లిఫ్ట్ వచ్చింది, ఎక్కేశాను.

ఆ సాయంత్రం తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. మాస్టారు బాత్‌రూమ్ దగ్గర పడిపోయి ఉన్నారు. తుంటి ఎముక విరిగింది. మంగళవారం తెల్లవారుజామున పడ్డారట. దేవుడి దయ వల్ల బతికారు.

తర్వాత తెలిసిన విషయం నన్ను ఇంకా బాధపెట్టింది. మంగళవారం రాత్రే వాచ్‌మన్ ఇద్దరికి చెప్పాడట, "సార్ ఇయ్యాల వాకింగ్‌కి దిగలేదు" అని. ఒకరు "చూద్దాంలే" అన్నారు. ఇంకొకరు అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టారు. 61 మంది చదివారు. అందులో నేనూ ఉన్నాను. ఒక్కరు కూడా వెళ్ళి తలుపు కొట్టలేదు. ముందుగా గమనించిన వాచ్‌మన్ మాత్రం ఆ గ్రూప్‌లోనే లేడు.

ఇక్కడ నాకొచ్చిన ప్రశ్న ఇది. మేం చెడ్డవాళ్ళమా? ఆ 61 మందిలో వినాయక చవితికి లడ్డూలు పంచేవాళ్ళు, ప్రతి ఏకాదశికి ఉపవాసం ఉండేవాళ్ళు, రక్తదానం చేసేవాళ్ళు ఉన్నారు. మరి ఆ మంచితనం ఆ రెండు రోజులు ఎక్కడికి పోయింది?

ఉపన్యాసం చెప్పడానికి పరుగెత్తినవాళ్ళు

1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం గురించి రాశారు. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం అది. ఒక్కొక్కరినీ పిలిచి, పక్క బిల్డింగ్‌కి వెళ్ళి చిన్న ప్రసంగం చెయ్యమన్నారు. సగం మందికి ఇచ్చిన అంశం ఏమిటంటే, దారిలో పడి ఉన్న పరాయివాడికి సాయం చేసిన మనిషి కథ. బైబిల్లోది. కొందరికి "టైమ్ అయిపోయింది, తొందరగా వెళ్ళండి" అన్నారు. కొందరికి "ఇంకా టైమ్ ఉంది" అన్నారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి, దగ్గుతూ, మూలుగుతూ ఉంటాడు. అతను ప్రయోగంలో భాగం.

తొందర లేనివాళ్ళలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. బాగా తొందరలో ఉన్నవాళ్ళలో 10 శాతమే. వాళ్ళు ఏ అంశం మీద మాట్లాడబోతున్నారనేదానివల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరోపకారం గురించి ప్రసంగించబోతూ, కళ్ళెదురుగా పడి ఉన్నవాణ్ణి దాటి వెళ్ళిపోయినవాళ్ళున్నారు.

ఇది చదివినప్పుడు నాకు నా ఇయర్‌ఫోన్స్ గుర్తొచ్చాయి.

దీనర్థం భక్తి, శ్రద్ధ అన్నీ వేస్ట్ అని కాదు. మంచి మాట వినడానికీ, ఆ మాట సమయానికి చేతుల్లోకి రావడానికీ మధ్య దూరం ఉంది. ఆ దూరాన్ని చాలాసార్లు మన గుణం కంటే మన చుట్టూ ఉన్న ఏర్పాటే నిర్ణయిస్తుంది. టైమ్ ఉందా, ఇది నా పనేనా, పక్కవాడు ఏం చేస్తున్నాడు లాంటివి. 200 మంది ఉన్న గ్రూప్‌లో మెసేజ్ పడితే అది ఎవరి పనీ కాదు. అదే నా ఒక్కడికి ఫోన్ చేసి "నువ్వెళ్ళి చూడు" అని ఉంటే నిమిషంలో వెళ్ళేవాణ్ణి.

నా ఉద్యోగం సంగతి

ఈ శాస్త్రం నాకు కొత్త కాదు. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, మనుషులు ఎలా ప్రవర్తిస్తారో గమనించి దాన్ని వాడుకోవడమే నా జీతం. యాప్‌లో ఏ బటన్ ఎక్కడ పెడితే ఎక్కువమంది నొక్కుతారు, ఏ టైమ్‌కి నోటిఫికేషన్ పంపితే వెనక్కి వస్తారు, "ఇంకా కొన్నే మిగిలాయి" అని రాస్తే ఎంత తొందరగా కొంటారు. ఇవన్నీ టెస్ట్ చేసి చూసే టీమ్ మాది. మనిషికి అవసరం లేనిది కొనిపించడానికి ఇంత తెలివి పెడుతున్నాం కదా, అదే తెలివి పక్కింటి మాస్టారి తలుపు కొట్టించడానికి ఎందుకు పెట్టలేదు?

అలా వెతుకుతుంటే ఎలినార్ ఆస్ట్రమ్ పేరు తగిలింది. 2009లో ఎకనామిక్స్‌లో నోబెల్ అందుకున్నారు, ఆ విభాగంలో నోబెల్ వచ్చిన మొదటి మహిళ ఆవిడే. అంతకుముందు చాలామంది నమ్మింది ఏమిటంటే, అందరిదీ అయిన వస్తువు చివరికి పాడైపోతుంది, ఊరుమ్మడి బీడుని ఎవరికి వాళ్ళు మేపుకుని మట్టి చేస్తారు అని. 1968లో గారెట్ హార్డిన్ రాసిన వ్యాసంతో ఈ వాదం బాగా పాకింది. ఆస్ట్రమ్ నిజంగా జరుగుతున్నదేమిటో చూశారు. స్విట్జర్లాండ్ కొండల్లో పశువుల మేత బీళ్ళు, జపాన్ పల్లెల అడవులు, స్పెయిన్, ఫిలిప్పీన్స్‌లలో సాగునీటి కాలవలు. కొన్నిచోట్ల జనం వందల ఏళ్ళుగా గొడవ పడకుండా, పాడు చేయకుండా పంచుకుంటున్నారు. స్పెయిన్‌లోని వాలెన్సియాలో నీళ్ళ తగాదాలు తీర్చే పెద్దలు ఇప్పటికీ గురువారం గురువారం పెద్ద చర్చి గుమ్మం ముందు కూర్చుంటారు.

నిలబడినచోట్ల ఏముందో, కూలినచోట్ల ఏం లేదో పోల్చి, 1990లో వచ్చిన పుస్తకంలో ఆవిడ 8 సూత్రాలు చెప్పారు. నా మాటల్లో చెప్తాను. ఎవరు ఇందులో ఉన్నారో స్పష్టంగా ఉండాలి. చేసే కష్టానికీ వచ్చే ఫలితానికీ పొంతన ఉండాలి. నియమాలు పాటించాల్సినవాళ్ళే వాటిని పెట్టుకోవాలి. ఎవరు పాటిస్తున్నారో తమలోనే ఎవరో ఒకరు చూస్తుండాలి. తప్పితే ముందు మెత్తగా చెప్పాలి, తర్వాతే గట్టిగా. తగాదా వస్తే తక్కువ ఖర్చుతో, త్వరగా తీర్చుకునే చోటుండాలి. పైవాళ్ళు ఆ గుంపు హక్కుని ఒప్పుకోవాలి. గుంపు పెద్దదైతే చిన్న చిన్న గుంపులుగా అల్లుకోవాలి. తర్వాత డేవిడ్ స్లోన్ విల్సన్ అనే జీవశాస్త్రవేత్త, మైకేల్ కాక్స్‌లతో కలిసి, ఇవి నీళ్ళకీ అడవులకే కాదు, ఏ గుంపుకైనా పనికొస్తాయని కూడా వివరించారు.

మనకి దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు మన కర్నూలు జిల్లా పల్లెల్లో తిరిగి 1988లో ఒక పుస్తకం వేశాడు. కాలవ చివర ఉన్న ఊళ్ళలో, అంటే నీళ్ళు అందుతాయో లేదో అని భయం ఉన్నచోట, జనం ఎక్కువగా కలిసికట్టుగా ఉన్నారని గమనించాడు. ప్రభుత్వం చెప్పకుండానే ఊరే పొలం కాపలావాళ్ళని, నీళ్ళు పారగట్టేవాళ్ళని పెట్టుకుంది. ఉమ్మడి నిధి కూడా ఉంది. ఆ పల్లెల వాళ్ళు దేవతలు కారు, కాలవ మొదట్లో ఉన్నవాళ్ళు రాక్షసులూ కారు. అవసరం తెలిసింది, దానికి తగ్గ ఏర్పాటు చేసుకున్నారు, అంతే.

మేం చేసిన మొదటి తప్పు

మాస్టారు ఆస్పత్రిలో ఉండగానే మేం కొంతమంది కూర్చున్నాం. మా అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు తొమ్మిదిమంది. రోజుకొకరు వెళ్ళి పలకరించాలని లిస్టు వేశాం. లిస్టు వేసింది నేనే, ఎక్సెల్‌లో, రంగులతో. డ్యూటీ మర్చిపోతే ₹100 ఫైన్.

రెండు వారాల్లో ఏమైందో ఊహించగలరా? "ఇవాళ కుదర్లేదు, 100 పంపించేశా" అని మెసేజ్‌లు మొదలయ్యాయి. అంతకుముందు తప్పు చేశామనిపించేది కదా, ఇప్పుడు డబ్బు కట్టేశాక అదీ లేదు.

ఇది కూడా శాస్త్రంలో ఉన్నదే, నేను ముందు చదువుకోలేదు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో 10 డే కేర్ సెంటర్లలో యూరీ నీజీ, ఆల్డో రస్టికీనీ చేసిన ప్రయోగం, 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని ఆరు సెంటర్లలో ఫైన్ పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. ఫైన్ తీసేశాక కూడా మళ్ళీ తగ్గలేదు. "పాపం టీచర్ ఎదురుచూస్తుంటుంది" అనే మొహమాటం ఉన్నచోట ఒక రేటు పెట్టేసరికి, అది కొనుక్కునే సర్వీసు అయిపోయింది.

మేం కూడా ఫైన్ ఎత్తేశాం. అయినా ఎవరూ పరుగున రాలేదు. పోయిన మొహమాటం ఊరికే వెనక్కి రాదు.

మళ్ళీ కూర్చున్నాం. ఈసారి ఎక్సెల్ తెరవలేదు. ఒకే ఒక్క ప్రశ్న వేసుకున్నాం: "ఆ రెండు రోజులు మనల్ని ఆపిందేమిటి?" స్టీవెన్ హేస్ లాంటి సైకాలజిస్టులు గుంపులతో పనిచేసేటప్పుడు నియమాల జోలికి పోకముందే ఇలాంటి ప్రశ్నలు అడుగుతారు. నీకు ఏది ముఖ్యం, లోపల నీకు అడ్డం వస్తున్నదేమిటి అని. జవాబులు విని ఆశ్చర్యపోయాను. "బిజీ" అన్నవాళ్ళు ఇద్దరే. ఎక్కువమంది చెప్పింది ఇది: "వాళ్ళ విషయాల్లో తలదూర్చినట్టు ఉంటుందేమోనని భయం." పైఫ్లోర్ అమ్మాయి ఒకరు "నేను బెల్ కొడదామని వచ్చి, వెనక్కి వెళ్ళిపోయానండీ" అని ఏడ్చేసింది.

అంటే మా దగ్గర లేనిది దయ కాదు. తలుపు కొట్టడానికి అనుమతి.

అక్కడి నుంచి పని తేలికైంది. ఆ తొమ్మిదిమందినీ కూర్చోబెట్టి వాళ్ళనే అడిగాం, మీకు ఎలా కావాలి అని. ఒకావిడ "రోజూ ఇంట్లోకి రావద్దు, నాకు చిరాకు" అన్నారు. ఒకాయన "పొద్దున పేపర్ తీసుకోకపోతే బెల్ కొట్టండి" అన్నారు. ఫ్లోర్‌కి ఇద్దరిద్దరు చూడాలని, మొదట వాళ్ళే పేర్లు ఇవ్వాలని అనుకున్నాం. ఎనిమిదిన్నరకల్లా పాల సంచి ఖాళీ కాకపోతే తలుపు కొట్టే హక్కు ఆ ఇద్దరికీ ఉంటుంది. ఎవరైనా మర్చిపోతే ఫైన్ లేదు, జంటలో రెండోవాళ్ళు "ఏమైంది, ఒంట్లో బాగుందా?" అని అడుగుతారు. ఏడు నెలలైంది. అద్భుతం ఏమీ జరగలేదు, రెండు జంటలు మానేశాయి కూడా. కానీ మిగతావి నడుస్తున్నాయి.

"లిస్టులో పేరుందని వస్తున్నావా?"

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాకు కేటాయించిన ఇళ్ళలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఒకరోజు బెల్ కొట్టి "బాగున్నారా పిన్నిగారూ?" అంటే, ఆవిడ నవ్వుతూనే అడిగారు. "నాన్నా, నా మీద ప్రేమతో వస్తున్నావా, లిస్టులో పేరుందని వస్తున్నావా?"

నాకు జవాబు రాలేదు. ఎందుకంటే నిజం రెండోదే. ఆ పొద్దున నాకు ఆవిడ మీద ప్రత్యేకంగా ఏ ప్రేమా పొంగలేదు. 8.30 అయింది, సంచి నిండుగా ఉంది, కొట్టాను.

మరి ఏర్పాటు చేసి రప్పించిన మంచితనం నిజమైన మంచితనమేనా? మీట నొక్కితే వెలిగే బల్బుకి పుణ్యం వస్తుందా? చాలా రోజులు ఇదే తొలిచింది.

చివరికి నాకు తోచింది చెప్తాను. మన సంప్రదాయం ఎప్పుడూ ముందు భావం పుట్టాలి, తర్వాతే పని చెయ్యాలి అని కూర్చోలేదు. ఇంట్లో దీపం రోజూ ఒకే వేళకి పెడతాం, భక్తి పొంగిన రోజే కాదు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళని చూడండి. 41 రోజులు ఒకే రంగు బట్టలు, చన్నీళ్ళ స్నానం, ఎదురైన ప్రతివాణ్ణీ "స్వామీ" అని పిలవడం. మా మేనేజర్ మాలలో ఉన్నప్పుడు క్యాబ్ డ్రైవర్‌ని "స్వామీ" అని పిలుస్తాడు, డ్రైవర్ కూడా ఆయన్ని అలాగే పిలుస్తాడు. మొదటి రోజు అది నోటి మాటే. ముప్పయ్యో రోజుకి కోపం రావాల్సినచోట రాకపోవడం నేను కళ్ళారా చూశాను. పిలుపు ముందొచ్చింది, చూపు తర్వాత మారింది. శంకరాచార్యుల అద్వైతంలో కూడా నిష్కామకర్మ చిత్తశుద్ధికి సాధనం. చిత్తం శుద్ధి అయ్యాకే కర్మ మొదలుపెట్టమంటే మనలో ఎవరం ఎప్పటికీ మొదలుపెట్టం.

కాబట్టి లిస్టు చూసి వెళ్ళడం తప్పు కాదు. లిస్టు దగ్గరే ఆగిపోతే తప్పు.

ఇక్కడ రెండు ప్రమాదాలు కనిపించాయి. మొదటిది ఆడంబరం. "నెలకొకరికి సేవా స్టార్ ఇద్దాం, లీడర్‌బోర్డ్ పెడదాం" అని మా కమిటీలో ఒకరన్నారు. నిజం చెప్పాలంటే నా చేతులూ దురద పెట్టాయి, అరగంటలో కోడ్ రాసేయొచ్చు. కానీ గీత 17వ అధ్యాయం గుర్తొచ్చింది. యజ్ఞం, తపస్సు, దానం ఈ మూడూ పైకి ఒకేలా కనిపించినా, గొప్ప కోసం, తిరిగి వచ్చేదాని కోసం చేస్తే రాజసం అంటుంది. ఫైన్ మొహమాటాన్ని కొనేసినట్టే, స్టార్ ప్రేమని కొనేస్తుంది. వద్దన్నాను.

రెండోది మోసం. మనుషుల్ని మంచికోసమే అయినా తెలియకుండా తిప్పొచ్చా? ఆఫీసులో మేం చేసేదీ, అపార్ట్‌మెంట్‌లో చేసిందీ ఒకే శాస్త్రం. తేడా ఎక్కడుంది? నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. ఇది ఎలా పనిచేస్తుందో ఎదుటివాళ్ళకి పూర్తిగా విప్పి చెప్పినా వాళ్ళు దీనికి ఒప్పుకుంటారా? పాల సంచి సంగతి ఆ తొమ్మిదిమందికీ తెలుసు, నియమం పెట్టింది వాళ్ళే. మా యాప్‌లో "ఇంకా కొన్నే మిగిలాయి" అన్న లైన్ వెనక ఏముందో కస్టమర్‌కి చెప్తే తిట్టిపోస్తాడు. కృష్ణుడు అర్జునుణ్ణి కదిలించడానికి ఎన్ని విధాలుగా చెప్పాడో మనకి తెలుసు. అయినా 18వ అధ్యాయానికి వచ్చేసరికి అంతా విచారించుకోమని నిర్ణయం అర్జునుడికే వదిలేశాడు. సర్వజ్ఞుడే ఆ స్వేచ్ఛ ఇచ్చినప్పుడు, నాలుగు డేటా చార్టులు చూసినవాణ్ణి, నేనెంత? ఆ ఆలోచన వచ్చాక ఆఫీసులో రెండు డిజైన్లకి "నేను చెయ్యను" అన్నాను. ఒకటి ఆగింది. ఇంకోటి వేరేవాళ్ళు చేశారు.

గీత ఎంతవరకు గీస్తాం?

చివరిగా ఒక్క మాట. ఆస్ట్రమ్ మొదటి సూత్రం, గుంపులో ఎవరు ఉన్నారో స్పష్టంగా ఉండాలన్నది. ఇది లేకపోతే ఏదీ నిలబడదు. కానీ ఆ గీత ఎక్కడ గీయాలో ఏ శాస్త్రమూ చెప్పదు. బాగా కలిసికట్టుగా ఉన్న గుంపులే బయటివాళ్ళని బాగా దూరం పెట్టగలవు. మన ఊళ్ళలో ఒకే బావి చుట్టూ ఎంత ఐకమత్యం ఉండేదో, అదే బావి దగ్గరికి కొందరిని రానివ్వకపోవడంలోనూ అంతే ఐకమత్యం ఉండేది. సహకారం ఒక బలం. అది ధర్మమా కాదా అన్నది, ఎవరిని లోపల కలుపుకుంటున్నావు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మా లిస్టులో మొదటి నాలుగు నెలలు వాచ్‌మన్ పేరు లేదు. అందరికంటే ముందు గమనించింది అతనే అని మాకందరికీ తెలుసు, అయినా ఎవరికీ తట్టలేదు. మాస్టారే అడిగారు, వాకర్ పట్టుకుని మొదటిసారి కిందికి దిగిన రోజు. "నా సంగతి చూసేవాళ్ళ లిస్టులో ఇతను లేడేం? ఇతని సంగతి ఎవరు చూస్తారు?" లెక్కల మాస్టారు కదా, తప్పు ఎక్కడుందో పట్టేశారు. ఆ మధ్య వాచ్‌మన్ భార్యకి డెంగీ వచ్చి వారం రోజులు ఆస్పత్రిలో ఉందని అప్పుడే తెలిసింది మాకు. మా పార్కింగ్ పక్క గదిలోనే ఉంటారు వాళ్ళు. ఇప్పుడు లిస్టులో పది తలుపులున్నాయి. వాచ్‌మన్ గ్రూప్‌లోనూ ఉన్నాడు, వాయిస్ మెసేజ్‌లు పెడతాడు.

పోయిన శనివారం పిన్నిగారి తలుపు సంచి ఎనిమిదికే ఖాళీగా ఉంది. అంటే నా డ్యూటీ లేదు. అయినా బెల్ కొట్టాను. "సంచి ఖాళీయే కదా నాన్నా, ఎందుకొచ్చావ్?" అన్నారు. "ఊరికేనండీ పిన్నిగారూ" అన్నాను. కాఫీ ఇచ్చారు.

మీరూ ఈ వారం ఒక్క పని చెయ్యండి. మీ ఫ్లోర్‌లో, మీ హాస్టల్‌లో ఒంటరిగా ఉండే ఒకరిని వెతికి, "ఏమైనా తేడాగా అనిపిస్తే మీ తలుపు కొట్టొచ్చా?" అని ముందే అడిగి పెట్టుకోండి. తర్వాత ఏ వీడియో చూసినా, ఏ ప్రవచనం విన్నా, లిఫ్ట్ దగ్గర ఒక్కసారి ఇయర్‌ఫోన్స్ తీసి చుట్టూ చూడండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.